హిట్లర్ పాఠంలో ఒక కూరగాయల కొట్టుకు చోటివ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల్లో సాంఘిక శాస్త్రం పుస్తకాలు రాసే పెద్దలకూ, ఆ పాఠాలు క్లాసులో చెప్పే టీచర్లకూ నమస్కారాలు.

నాది తెనాలి. పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఒక హైస్కూల్లో సోషల్ చెప్పాను. తొమ్మిదేళ్ళుగా నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటున్నాం. మనవాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు, శనివారం కూరగాయలకు వెళ్తే ఎక్కడో ఒకచోట తెలుగు చెవినపడుతుంది. మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది మాత్రం మా వాడి హోంవర్కు వల్ల.

ఇక్కడ పేవ్‌మెంట్ల మీద అక్కడక్కడా అరచేయంత ఇత్తడి పలకలు బిగించి ఉంటాయి. ఒక్కో పలక మీద ఒక మనిషి పేరు, పుట్టిన ఏడు, పట్టుకెళ్ళిన తేదీ, చంపిన చోటు. ఆ పలక ఎవరి పేరున ఉందో వాళ్ళు కాపురమున్న ఇల్లు సరిగ్గా దాని ఎదురుగా ఉంటుంది. పిల్లలంతా తలా ఒక పలక ఎంచుకుని దాని గురించి రాసుకురావాలన్నది హోంవర్కు. దాని కింద టీచరమ్మ ఇంకో ప్రశ్న వేసింది: అప్పుడు నువ్వు ఇదే వీధిలో ఉండి ఉంటే, వీళ్ళను మీ ఇంట్లో ఎక్కడ దాచేవాడివి?

మా వాడు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాడు. వాషింగ్ మెషీను వెనక సందు చాలదు. సైకిళ్ళు పెట్టుకునే కింది గదికి అందరూ వస్తారు. చివరికి బీరువా వెనక అడుగున్నర చోటు తేల్చాడు. రాత్రి అన్నం తింటూ, "అమ్మా, కిందింటి వాళ్ళకు మన ఫ్లష్ చప్పుడు వినపడుతుంది కదా" అన్నాడు. కాసేపాగి, "వాళ్ళకు బియ్యం ఎలా కొంటాం? కొట్టువాడు ఎక్కువెందుకని అడిగితే?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆరేళ్ళు హిట్లర్ పాఠం చెప్పినదాన్ని, ఒక్క విద్యార్థి చేతా ఇలాంటి ప్రశ్న వేయించలేకపోయానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెర్సాయ్ సంధి, 1929 మాంద్యం, 1933లో అధికారం, 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు, గ్యాస్ ఛాంబర్లు, 60 లక్షల మంది యూదులు. బోర్డు మీద రాయించేదాన్ని, పిల్లలు రాసుకునేవాళ్ళు. ఐదు మార్కుల ప్రశ్నకు ఎనిమిది పాయింట్లు. పాఠం అయ్యేసరికి వాళ్ళ బుర్రలో మిగిలేది ఒక రాక్షసుడు వచ్చాడు, పోయాడు అని. ఆ పాఠంలో ఇరుగుపొరుగు ఉండరు. చంపేవాడూ చచ్చేవాడూ తప్ప మూడోవాడు కనపడడు. కానీ అసలు సంగతంతా నడిచింది ఆ మూడోవాడి ఇంట్లో, కొట్లో, ఆఫీసు బల్ల దగ్గర.

నేనుంటున్న దేశం కథే చెబుతాను, ఇదైతే నాకు కాస్త దగ్గరగా తెలుసు.

జర్మన్లు 1940 మే 10న ఈ దేశంలోకి వచ్చారు. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. ఇక్కడ అప్పటికి దాదాపు 1,40,000 మంది యూదులు, అందులో సగానికి పైగా ఆమ్‌స్టర్‌డామ్‌లోనే. వచ్చీ రాగానే కాల్పులేమీ జరగలేదు. మొదట వచ్చింది ఒక ఫారం. 1941 జనవరిలో యూదులంతా మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలన్నారు. తాతలు, అమ్మమ్మల మతం రాయాలి, ఒక గిల్డరు రుసుం కట్టాలి. దాదాపు అందరూ వెళ్ళారు, ప్రభుత్వ కాగితమంటే ఇక్కడి జనానికి అంత భయభక్తులు. అదే ఏడు మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్ మున్సిపాలిటీ గణాంక శాఖవాళ్ళు జర్మన్లు అడిగారని నగరానికి ఒక మ్యాపు తయారుచేసి ఇచ్చారు. ఏ వీధిలో ఎంతమంది యూదులున్నారో తెలిసేలా దాని నిండా నల్ల చుక్కలు, చుక్కకు పది మంది.

ఇంకొకాయన సంగతి చెప్పాలి. జనాభా రిజిస్టర్ల శాఖకు అధిపతి, యాకబ్ లెంట్స్. ఆయన నాజీ పార్టీవాడు కాదు, తన పని మీద విపరీతమైన అభిమానమున్న ప్రభుత్వోద్యోగి. ఎవరూ నకలు తీయలేని గుర్తింపు కార్డు ఒకటి కనిపెట్టాడు. వేలిముద్ర, ప్రత్యేకమైన సిరా, జిగురు, వాటర్‌మార్కు అన్నీ కలిపి జర్మన్ల సొంత కార్డు కన్నా గట్టిది. యుద్ధానికి ముందు డచ్చి ప్రభుత్వం ఇది పౌరులందరినీ దొంగల్లా చూసినట్టవుతుందని వద్దంటే, వచ్చిన జర్మన్లు సంతోషంగా ఒప్పుకున్నారు. యూదుల కార్డు మీద పెద్ద "జె" అక్షరం పడింది. ఆయన స్వయంగా ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆయన కార్డు బాగుండబట్టే ఎన్ని వేలమంది తప్పించుకోలేకపోయారో మీరే ఊహించుకోండి. మీ పుస్తకంలో హిట్లర్ ఫోటో ఇంకొంచెం చిన్నది చేసి, ఈయన గురించి నాలుగు వాక్యాలు రాయండి. రేపు మన పిల్లల్లో హిట్లర్ అయ్యేవాడు ఉండకపోవచ్చు. ఫైళ్ళు చూసే ఉద్యోగులు మాత్రం వేలమంది అవుతారు.

1942 మేలో బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోమన్నారు. ఆ గుడ్డముక్కలకు కూడా డబ్బులు తీసుకున్నారు, పైగా బట్టల రేషన్‌లో కోత. జులైలో రైళ్ళు మొదలయ్యాయి. డ్రెంటె జిల్లాలో వెస్టర్‌బోర్క్ అని ఒక శిబిరం, అక్కడినుంచి తూర్పుకు, ఎక్కువగా మంగళవారాలు. మొత్తం 1,07,000 మందిని తోలుకెళ్ళారు. తిరిగొచ్చినవాళ్ళు ఐదు వేలు.

ఇక దాక్కోవడం. డచ్చి భాషలో దీనికి ఒండర్‌డౌకెన్ అంటారు, నీళ్ళ కిందికి మునగడం అని. మనకైతే అజ్ఞాతవాసం అనే మాట ఉంది, వినగానే విరాటపర్వం గుర్తొస్తుంది. కానీ విరాటుడికి తన కొలువులో ఉన్నది ఎవరో తెలియదు, తెలియకుండానే ఆశ్రయమిచ్చాడు. ఇక్కడివాళ్ళకు తెలుసు. తెలిసీ తలుపు తీశారు, తీసినరోజు నుంచీ తెలియనట్టు బతికారు. ఇలా మునిగినవాళ్ళు సుమారు 28,000 మంది. వాళ్ళలో పైకి తేలినవాళ్ళు 16,000 దాకా.

ఆన్ ఫ్రాంక్ పేరు మన పిల్లలకు కూడా తెలుసు. రెండేళ్ళు ఇంటి వెనక దాక్కుని డైరీ రాసుకున్న అమ్మాయి అని చెబుతాం. ఆ రెండేళ్ళు అన్నం ఎవరు పెట్టారని ఎవరైనా అడిగారా? లోపల ఎనిమిది మంది. 1942 జులై 6 నుంచి 1944 ఆగస్టు 4 దాకా, పాతిక నెలలు. కింద ఆఫీసు, గిడ్డంగి నడుస్తూనే ఉన్నాయి, గిడ్డంగి కూలీలకు పైన మనుషులున్నారని తెలియదు. కాబట్టి పగలు పనివేళల్లో కుళాయి తిప్పకూడదు, ఫ్లష్ లాగకూడదు, చెప్పులతో నడవకూడదు. సాయంత్రం కూలీలు ఇంటికి పోయాక ఊపిరి.

ఆ ఆఫీసులో పనిచేసే మీప్ గీస్ అనే ఆవిడ రోజూ ఆ ఎనిమిది నోళ్ళకూ కూరగాయలు తేవాలి. రేషన్ కాలం అది. కార్డుంటేనే బ్రెడ్డు, కూపనుంటేనే వెన్న. దాక్కున్న మనిషి ప్రభుత్వం లెక్కలో లేడు గనక అతనికి కూపన్లుండవు. మీప్ భర్త యాన్‌కు జర్మన్లను ఎదిరించే రహస్య ఉద్యమంతో సంబంధాలుండేవి, ఆయన కూపన్లు సంపాదించేవాడు. కూపన్లున్నా, ఇద్దరే ఉన్న ఇంటావిడ పది మందికి సరిపడా దుంపలు కొంటుంటే కొట్టువాడికి అర్థం కాదా?

అర్థమైంది. ఆ ఆఫీసున్న ప్రిన్సెన్‌గ్రాహ్ట్ కాలువ పక్కనే లేలీగ్రాహ్ట్ అనే చిన్న కాలువ, దాని ఒడ్డున హెండ్రిక్ వాన్ హూవె అనే ఆసామి కూరగాయల కొట్టు. ఆయన మీప్‌ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆవిడ రోజూ ఏం కొంటుందో చూసి, రాకముందే విడిగా తీసి పెట్టడం మొదలుపెట్టాడు. బంగాళాదుంపల బరువు మోయలేకపోతోందని తనే మోసుకొచ్చేవాడు, అదీ గిడ్డంగి కూలీలు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే వేళ చూసి. ఆవిడ చూపించిన అలమరలో బస్తా పెట్టి వెళ్ళిపోయేవాడు. 1944 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ గిడ్డంగిలో దొంగలు పడ్డారు, తలుపు చెక్క ఊడింది. అటుగా భార్యతో నడిచివెళ్తున్న వాన్ హూవె ఆ కన్నం చూసి టార్చి వేశాడు, దొంగలు పారిపోయారు. పోలీసులకు మాత్రం చెప్పలేదు. తర్వాత యాన్‌తో ఆయన అన్నదాని సారాంశం ఇంతే: నాకేమీ తెలియదు, కానీ మీ విషయంలో పోలీసులను పిలవడం బాగుండదనిపించింది.

నేను క్లాసులో ఉండి ఉంటే ఈ మాట దగ్గర పీరియడ్ అయ్యేదాకా ఆగిపోయేదాన్ని. ఒక మనిషి అన్నీ తెలిసి "నాకేమీ తెలియదు" అనడంలో ఎంత ఉందో పిల్లలు చెప్పగలరు, మనం అడగాలే గాని.

ఇంకో నెలకు ఆయన్నే పట్టుకెళ్ళారు. పై ఇంటి సంగతి బయటపడి కాదు. ఆయన సొంత ఇంట్లో ఇద్దరు యూదులున్నారు. శిబిరాలు తిరిగి, ప్రాణాలతో బయటపడ్డాడు. ఇక్కడ దుంపల బస్తా ఆగిపోయిన రోజునుంచి పై ఇంట్లో తిండి తగ్గింది, పొద్దుటి పూట ఎగ్గొట్టాల్సి వచ్చింది. ఒక కూరగాయల కొట్టు మూతపడితే చరిత్రలో ఏమవుతుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

మా పక్కింట్లో ఒక డచ్చి మామ్మగారున్నారు, 1936లో పుట్టారు. మా వాడి హోంవర్కు చూసి, "మా ఇంట్లో ఒకడుండేవాడు" అన్నారు మామూలుగా, టీ కలుపుతూ. ఆవిడది ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో ఒక పల్లె. 1943లో ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి వంటింట్లో తన ఈడు పిల్లవాడు కూర్చుని ఉన్నాడట. "రోటర్‌డామ్ నుంచి వచ్చిన మీ పిన్ని కొడుకు, బాంబులకు ఇల్లు పోయింది" అని తల్లి చెప్పింది. రోటర్‌డామ్ మీద నిజంగానే 1940 మే 14న బాంబులు పడ్డాయి, అందుకని ఎవరింట్లో కొత్త పిల్లవాడు కనపడ్డా ఆ ఊరి పేరే చెప్పేవాళ్ళు. తనకు పిన్నే లేదని మామ్మగారికి తెలుసు. ఏడేళ్ళ పిల్ల, అయినా అడగలేదు. తల్లి మొహం చూస్తే అడగాలనిపించలేదట.

నేను కదిలిపోయి ఏదో పెద్ద మాట అనబోయాను. మామ్మగారు నన్నాపి, "నాకు వాడంటే పడేది కాదు" అన్నారు. తన మంచంలో సగం వాడికి పోయింది. ఉన్న ఒక్క కోడిగుడ్డు వాడికే, చిక్కిపోయి వచ్చాడని. చాటుగా గిల్లేదట. గిల్లినా వాడు ఏడ్చేవాడు కాదు, ఏడవకూడదని వాడికెవరో నేర్పి పంపారు. అది చెబుతున్నప్పుడు మాత్రం మామ్మగారు చెంచా తిప్పడం ఆపారు. "మా అమ్మను హీరో అని రాయకు. ఆమెకది చాకిరీ. ఇంకొక జత బట్టలుతకాలి, ఇంకొకరికి మేజోళ్ళు అల్లాలి, రెండేళ్ళు. మా నాన్న రోజూ విసుక్కునేవాడు, కానీ వాణ్ణి పంపించేయమని ఒక్కసారి కూడా అనలేదు."

అయ్యా, మన పాఠాల్లో లేనిది ఈ చాకిరీయే. మనం మంచివాళ్ళ గురించి చెప్పినప్పుడల్లా దండ వేసి ఫోటో పెడతాం. దండ పడ్డాక ఆ మనిషి పిల్లలకు అందడు.

మన చర్చిల్లో ప్రసంగాలు విన్నవాళ్ళకు కోరీ టెన్ బూమ్ పేరు కొత్త కాదు. హార్లెమ్ ఊళ్ళో గడియారాలు బాగుచేసే కుటుంబం. నేను కూడా తెనాలిలో స్నేహితురాలి వెంట వెళ్ళి ఆవిడ కథ విన్నాను. ప్రసంగంలో విశ్వాసం గురించి చెప్పారు, క్షమాపణ గురించి చెప్పారు, అవన్నీ ఉన్నవే. పరుపు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పడకగదిలో ఇటుకలతో దొంగగోడ కట్టారు, దాని వెనక మనుషులు నిలబడేంత చోటు, బట్టల అలమర అట్టడుగు అర కిందనుంచి పాకి లోపలికి పోవాలి. గంట మోగగానే అందరూ లోపలికి దూరే తాలీము ఆ ఇంట్లో పదేపదే చేయించేవాళ్ళు. లేచినవాళ్ళు ముందు పరుపు తిరగేయాలి, సోదాకు వచ్చినవాడు చెయ్యి పెడితే వెచ్చదనం తగలకుండా. పళ్ళేలు లెక్కకు మించి బల్ల మీద ఉండకూడదు. 1944 ఫిబ్రవరి 28న నిజంగానే సోదా జరిగింది. ఇంటివాళ్ళను పట్టుకెళ్ళారు. గోడ వెనక ఆరుగురు మాత్రం దొరకలేదు, రెండు రోజులపాటు అక్కడే నిలబడ్డారు. చివరికి వాళ్ళను బయటికి తీసింది ఆ ఇంటికి కాపలా పెట్టిన పోలీసుల్లోనే ఉద్యమానికి చెందినవాళ్ళు. 84 ఏళ్ళ తండ్రి జైల్లో పది రోజులకే పోయాడు. అక్క బెట్సీ అదే ఏడు డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరంలో పోయింది.

ఒకరిని దాచడానికి ఒక ఇల్లు చాలదన్నది నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక నాటకశాలను జర్మన్లు యూదులను పోగేసే చోటుగా మార్చారు. ట్రామ్ వెళ్ళే వీధికి ఇటు నాటకశాల, అటు శిశువిహారం. పెద్దలను ఇటు, చిన్నపిల్లలను అటు ఉంచేవాళ్ళు. శిశువిహారం నడిపే హెన్రియెట్ పిమెంటెల్, నాటకశాల నిర్వహణ చూసే వాల్టర్ జూస్కిండ్ ఇద్దరూ యూదులే. ముందు తల్లిదండ్రులను ఒప్పించాలి, అది అన్నిటికన్నా కష్టమైన పని. తర్వాత పిల్లవాడి పేరు లెక్కలోంచి మాయం చేయాలి. పక్కన టీచర్ ట్రైనింగ్ కాలేజీ, దాని అధిపతి యోహాన్ వాన్ హుల్స్ట్. రెండింటి పెరళ్ళకూ మధ్య కంచె. ఆ కంచె మీదుగా పసిపిల్లలు చేతులు మారేవాళ్ళు. బుట్టల్లో, సంచుల్లో బయటికి పోయేవాళ్ళు. కొందరిని శిశువిహారం ముందు గుమ్మం నుంచే తీసుకుపోయేవాళ్ళు. ట్రామ్ వచ్చి ఆగితే ఎదుటి కాపలావాడికి గుమ్మం కనపడదు, ఆ అర నిమిషంలో పిల్లవాడితో ఎక్కేయాలి. ట్రామ్‌లో కూర్చున్నవాళ్ళకు మాత్రం అంతా కనపడేది. ఎవరూ నోరు మెదపలేదు. ఆ ప్రయాణికులకు ఏ పతకాలూ లేవు, పేర్లు కూడా లేవు.

అలా దాదాపు 600 మంది పిల్లలు బతికారు. నల్లజుట్టు పిల్లలను దక్షిణాన లింబర్గ్‌కు, బంగారు రంగు జుట్టు పిల్లలను ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌కు పంపేవాళ్ళు, అక్కడి పిల్లల్లో కలిసిపోవాలని. పిమెంటెల్‌ను ఆష్విట్జ్ శిబిరంలో చంపేశారు. జూస్కిండ్ కూడా తిరిగి రాలేదు. వాన్ హుల్స్ట్ 107 ఏళ్ళు బతికి 2018లో పోయారు. 1943 సెప్టెంబరులో శిశువిహారం ఖాళీ చేయించేటప్పుడు ఇంకెంతమందిని తీసుకెళ్ళగలరని ఆయన్ను అడిగారు. పన్నెండు మందిని తీసుకున్నాడు. ఎవరు ఎప్పుడు అడిగినా ఆయన ఆ పన్నెండు మంది గురించి మాట్లాడేవాడు కాదు, వదిలేసి వచ్చినవాళ్ళ గురించే. ఆ కాలేజీ భవనంలో 2024 మార్చిలో హోలోకాస్ట్ మ్యూజియం తెరిచారు. మా వాణ్ణి తీసుకెళ్ళాను, పెరటి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

పెద్ద సాహసాల్లో కూడా నాకు ఇష్టమైనవి పక్కనుండే పాత్రలే. 1943 మార్చి 27 రాత్రి కొందరు కళాకారులు, వైద్య విద్యార్థులు పోలీసు వేషాల్లో ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రిజిస్టర్ ఆఫీసులోకి దూరి కార్డులకు నిప్పు పెట్టారు. కార్డులు కాలిపోతే దొంగ కార్డును దేనితోనూ సరిపోల్చలేరు కదా. ఆ యూనిఫాంలు కుట్టింది ఒక దర్జీ. మంటలు ఆర్పడానికి ఫైరింజన్లు తీరిగ్గా వచ్చాయి. వచ్చాక, కాలకుండా మిగిలిన కార్డులు కూడా నానిపోయేలా అవసరానికి మించి నీళ్ళు కొట్టారు! ఆ నీళ్ళలో ఎంత తెలివుందో చూడండి, ఉద్యోగధర్మం తప్పారని ఎవరైనా అనగలరా? జులై 1న ఆ బృందంలో 12 మందిని ఇసుకదిబ్బల్లో కాల్చేశారు, దర్జీతో సహా.

ఇంకొకటి చెబుతాను. మారియన్ అనే ఇరవై దాటిన విద్యార్థిని ఒక తండ్రినీ ముగ్గురు పిల్లలనూ పల్లెలో ఒక ఇంట్లో దాచింది. నేల పలకల కింద గొయ్యి. ఒక రాత్రి జర్మన్లు సోదా చేసి ఏమీ దొరక్క వెళ్ళారు. అరగంటకు, వాళ్ళతో వచ్చిన డచ్చి పోలీసు ఒక్కడే తిరిగొచ్చాడు. ఆపాటికి పిల్లలు పైకొచ్చేశారు. ఆవిడ తుపాకీ తీసి కాల్చింది. ఇప్పుడు ఇంట్లో శవం. బేకరీ ఆసామి బ్రెడ్డు బండిలో దాన్ని చేరవేశాడు, ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే ఆయన, మర్నాడు పూడ్చాల్సిన వేరే ఎవరి పెట్టెలోనో దీన్నీ సర్దేశాడు. ఇది పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. నేనైతే పదో తరగతికి చెబుతాను.

డ్రెంటెలో నీవ్లాండె అని చిన్న ఊరు. యోహానెస్ పోస్ట్ అనే రైతు, ఆర్నాల్డ్ డౌవెస్, మాక్స్ లేయాన్స్ అనే యూదు యువకుడు కలిసి ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి మనుషులను సర్దారు. ఇంటికి కనీసం ఒక్కరన్నది ఊరి కట్టుబాటయింది. అందరిళ్ళలోనూ ఉన్నప్పుడు ఎవరు ఎవరి మీద చెబుతారు? పోస్ట్‌ను 1944 జులైలో కాల్చేశారు. యూదులను కాపాడినవాళ్ళను గుర్తించి జాబితా రాసే ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ ఊరు మొత్తాన్నీ గౌరవించింది.

అయితే దయచేసి దీన్ని మంచి దేశం కథగా రాయకండి. పశ్చిమ ఐరోపాలో యూదులు ఎక్కువ శాతం చచ్చిపోయింది ఇక్కడే, నలుగురిలో ముగ్గురు. అదే యాద్ వాషెమ్ జాబితాలో డచ్చివాళ్ళు దాదాపు 6,000 మంది ఉన్నారు, పోలండ్ తర్వాత వీళ్ళే ఎక్కువ. ఈ రెండు అంకెలూ ఒకే దేశానివి. మీ పాఠంలో ఒకటి రాసి ఒకటి వదిలేస్తే అబద్ధమవుతుంది. 1943లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదులను పట్టించే ముఠా ఒకటి పనిచేసింది, అందరూ డచ్చివాళ్ళే. తలకు ఏడున్నర గిల్డర్లు. ఏడెనిమిది నెలల్లో 8,000 మందికి పైగా పట్టించారు. దాచినవాళ్ళలోనూ నెలనెలా జలగల్లా డబ్బు లాగినవాళ్ళున్నారు, డబ్బయిపోగానే బయటికి పొమ్మన్నవాళ్ళున్నారు, ఇంటికొచ్చిన పిల్లలతో గొడ్డుచాకిరీ చేయించినవాళ్ళూ, అంతకంటే నీచంగా ప్రవర్తించినవాళ్ళూ ఉన్నారు. పోయేముందు యూదులు వెండి సామానూ దుప్పట్లూ పక్కింట్లో పెట్టి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చి తలుపు తడితే, తమ కప్పుల్లోనే కాఫీ తాగుతూ "మీరేం ఇచ్చారు?" అన్నవాళ్ళు ఎంతమందో, వాళ్ళ కోసం ఈ భాషలో ఒక వెటకారపు మాటే పుట్టింది. ప్రభుత్వం తరఫున ప్రధానమంత్రి క్షమాపణ చెప్పడానికి 2020 దాకా పట్టింది.

మామ్మగారి ఇంటి పిల్లవాడి సంగతి అడిగాను. 1945 మే తర్వాత చాలా వారాలకు వాడి తల్లి వచ్చిందట, ఇంకో పల్లెలో దాక్కుని బతికింది. తండ్రి లేడు. ఆమె గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే వాడు మామ్మగారి అమ్మ గౌను వెనక దూరాడు. ఆ పేరుతో వాణ్ణి రెండేళ్ళుగా ఎవరూ పిలవలేదు. మామ్మగారి అమ్మ వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఆమె చేతిలో పెట్టింది. లోపలికొచ్చి, వాడి కోసం సగం అల్లిన మేజోడు పూర్తిచేసిందట, ఇంకెవరికీ సరిపోదని తెలిసి కూడా.

నా విన్నపం చిన్నది. ఒక్క పేజీ అడుగుతున్నాను. అందులో "యూదులకు సహాయం చేసిన మహనీయులు" అనే శీర్షిక వద్దు. పాఠం చివర "ఈ క్రింది వానిని జతపరచుము" వద్దు. టీచర్లూ, మీరైతే పుస్తకం మారేదాకా ఆగక్కర్లేదు. రేషన్ కార్డు అంటే మన పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, డిపో దగ్గర క్యూలో నిలబడినవాళ్ళే. మీ ఇంట్లో కార్డులో పేరు లేని మనిషి రెండేళ్ళుంటే బియ్యం ఎలా, జ్వరమొస్తే ఎలా, తీగ మీద ఆరేసిన బట్టలు ఎవరు లెక్కపెడతారు, మీ తమ్ముడు స్కూల్లో నోరు జారితే ఎలా అని అడిగి, పీరియడంతా వాళ్ళనే మాట్లాడనివ్వండి. తర్వాత ఆ ఫారం ఇచ్చి పూర్తి చేయించుకున్న గుమస్తా గురించి అడగండి, ఆయన ఇంకేం చేసి ఉండొచ్చని. ఏం చెబుతారో నాకూ ఆసక్తిగా ఉంది.

మీప్ గీస్ గురించి రాస్తే మాత్రం ఒక సంగతి వదలకండి. ఆవిడ పుట్టింది వియన్నాలో, 1909లో. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక తిండి లేక బక్కచిక్కి ఉంటే, 1920లో మెడలో చీటీ కట్టి రైలెక్కించారు. లైడెన్ ఊళ్ళో అప్పటికే ఐదుగురు పిల్లలున్న ఒక కుటుంబం ఆ పిల్లను ఇంటికి తీసుకెళ్ళింది. మీప్ అన్న పేరు వాళ్ళు పెట్టిందే.

బొమ్మ వేయాల్సి వస్తే ఆవిడ ఫోటో వద్దు, దాంతోపాటు దండ కూడా వచ్చేస్తుంది. కాలువ ఒడ్డున ఒక కూరగాయల కొట్టు గీయించండి. తక్కెడ, దాని పక్కన విడిగా తీసిపెట్టిన దుంపల బస్తా. గోడ గడియారం మాత్రం మధ్యాహ్నం భోజనవేళ చూపించాలి, అది మర్చిపోవద్దని బొమ్మలు వేసేవారికి చెప్పండి.

ఇట్లు,
ఒకప్పటి సోషల్ టీచరు,
ఆమ్‌స్టెల్‌వేన్